గుమ్మపాల పౌరుషం

మొన్న తెనాలిలో ఒక కొత్త కొట్టు అద్దాల వెనక సీసాలు వరసగా పేర్చి, ‘కాచని స్వచ్ఛమైన గుమ్మపాలు’ అని రాశారు. పొదుగు దగ్గర పిండి, ఆ వెచ్చదనం ఆరకుండా తాగితేనే గుమ్మపాలు. ఫ్రిజ్‌లో వణుకుతున్నవి గుమ్మపాలైతే ఆరో తరగతిలో బడి మానేసిన నేను పట్టభద్రుణ్ణి. జనం మాత్రం ఎగబడి కొంటున్నారు. వాళ్లను చూస్తే కొల్లిపరలో మా పెదనాన్న గుర్తొచ్చాడు.

ఆయన హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. తెల్లవారగానే గేదె పక్కన నిలబడి గ్లాసుడు గుమ్మపాలు తాగి, మీసాల నురగ తుడుచుకోకుండా వీధరుగు మీద కూర్చునేవాడు, ఊరు చూడాలని. పాలు కాచుకునేవాళ్లంటే చులకన. నేనంటే మరీనూ. “కాచిన పాలు తాగబట్టేరా నీ బుర్ర విరిగిపోయింది” అనేవాడు.

ఆ ఏడు ఆ గేదె ఏడో నెలలోనే ఈసుకుపోయి, చచ్చిన దూడను వేసింది. పెదనాన్న దిష్టి అన్నాడు. మాయ కూడా వట్టి చేత్తోనే తీశాడు. నెల తిరక్కుండా ఆయనకు జ్వరం పట్టుకుంది. సాయంత్రం వచ్చి, చెమటలు పోసి దిగి, నాలుగు రోజులు ఊరుకుని మళ్లీ వచ్చేది. నడుం వంగిపోయింది. ఇద్దరు డాక్టర్లు టైఫాయిడ్ అన్నారు. ఈయన బలానికని రెండో గ్లాసు మొదలెట్టాడు.

గేదెను చూడవచ్చిన పశువుల డాక్టరమ్మ అరుగు దగ్గర ఆగింది. “ఈ జ్వరం ఎన్నాళ్ల నుంచండి?”

“నేనేమన్నా గేదెనా అమ్మా, నువ్వు చూడ్డానికి?”

“ఈసుకుపోయిన గేదె పాలు పచ్చిగా తాగారు కదండి. దాని జబ్బే మీకూ అంటిందేమో. రక్తపరీక్ష చేయించండి.”

పెదనాన్న నా వైపు తిరిగి, “విన్నావా, నీకంటే తెలివైనవాళ్లున్నార్రా” అని నవ్వాడు. ఐదో నెల కడుపుతో ఆ ఉదయమే పుట్టింటికొచ్చిన పెదనాన్న కూతురు, మా అక్క, ఆయన తన కోసం పిండించిన గ్లాసు అప్పుడే నోటి దగ్గర పెట్టుకుంది.

“తాగకు తల్లీ. దానికి జరిగింది నీకూ జరగొచ్చు” అంది డాక్టరమ్మ.

నవ్వు ఆగిపోయింది. లేవలేని మనిషి లేచి ఆ గ్లాసును చేత్తో కొట్టేశాడు. పాలన్నీ నా మీద పడ్డాయి. నేల చూస్తూ, “పొయ్యి ముట్టించరా” అన్నాడు. నన్ను తిట్టకుండా ఆయన చెప్పిన మొదటి పని అది.

పరీక్షలో డాక్టరమ్మ మాటే నిజమైంది. వారాల తరబడి మాత్రలు మింగితే జ్వరం పోయింది, నడుం మాత్రం నిటారు కాలేదు. అక్కకు నెలలు నిండాకే పిల్ల పుట్టింది.

అరవై ఏళ్ల పౌరుషం గిన్నెడు పాలు పొంగేలోపు దిగిపోయింది. ఈ సీసాలవాళ్లకి ఎన్నేళ్లు కావాలో.