గులాబీ సీసా, నిమ్మ సీసా

వీధంతా పార్లరక్క అని పిలిచే ఆమె, పెద్ద డబ్బాల్లో తెచ్చిన ఫేస్‌వాష్‌ను పేర్లు లేని గాజు సీసాల్లోకి ఒంపుకునేది. పొడి చర్మానికి గులాబీ వాసనది, జిడ్డు మొహానికి నిమ్మ వాసనది. మూత తీసి వాసన చూస్తే చాలు, ఏది ఏదో తెలిసిపోయేది.

ఒక రోజు జలుబుతో అక్క ముక్కు మూసుకుపోయింది. అయినా అలవాటు కొద్దీ ఒక సీసా అందుకుని, ఫేషియల్‌కు వచ్చిన టీచరమ్మ మొహమంతా నురగ పట్టించింది.

"తలనొప్పిగా ఉంది కానీ ఆస్పిరిన్ నాకు పడదే. కిందటేడు ఒక్క బిళ్లకే మొహం గుమ్మడికాయంత అయింది," అంది టీచరమ్మ కళ్లు మూసుకునే.

అక్క నురగ రుద్దడం ఆపేసింది. నిమ్మ డబ్బా మీద శాలిసిలిక్ యాసిడ్ అని ఉంటుంది. అది ఆస్పిరిన్‌కు దగ్గర చుట్టమని మందుల షాపాయన ఒకసారి చెప్పాడు. గబగబా నీళ్లు కొట్టి కడిగేసింది. సీసాను ముక్కుకు ఆనించుకుని ఎంత పీల్చినా ఏమీ తెలియలేదు.

"అమ్మా, ఇదేం వాసనో కాస్త చెప్పరూ?"

టీచరమ్మ నింపాదిగా పీల్చింది. "గులాబీ. నీ ముక్కేమైనా తాకట్టు పెట్టావా ఏంటే?"

అక్క సీసాకు మూత పెట్టింది. ఆ తర్వాత, తను కన్నుమూసేదాకా, లోపల ఏమేం ఉన్నాయో రాసి అంటించందే ఏ సీసా మూతా తీయలేదు.