అత్తమ్మ చెప్పిన సాక్ష్యం

మొన్న ఆదివారం మా అత్తమ్మ పోయింది. ప్రార్థన మందిరానికి వెళ్దామని చీర మార్చుకుని మంచం మీద కూర్చుంది, అంతే. నేను పిలిచేసరికి లేదు. నారాయణఖేడ్‌లో ఆమెను ఎరిగినవాళ్లు చాలామందే. ఆమె ఏం చేసిందో మాత్రం కొందరికే తెలుసు. అందుకే రాస్తున్నాను.

నా భర్త ఎయిడ్స్‌తో చనిపోయాడు. హైదరాబాద్‌లో కూలిపనికి పోయి తోటివాళ్లతో ఒకే గదిలో ఉండేవాడు. మాత్రలు వాళ్ల కంట పడతాయని భయపడి మానేశాడు. ఆ సంగతి ఆఖరి రోజుల్లోగాని మాకు చెప్పలేదు. నాకూ హెచ్‌ఐవీ ఉందని తేలాక, పుట్టింటికి పంపెయ్యమని బంధువులన్నారు.

"యాడికి పంపాలె? ఇది నా బిడ్డ. ఈడనే ఉంటది," అంది అత్తమ్మ.

అప్పటి నుంచి నేను మాత్ర వేసుకునేదాకా నీళ్ల చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడేది. "మింగినవా? నోరు తెరువు," అనేది. నేనింకా బతికి ఉన్నది ఆమె చలవే.

తర్వాత హైదరాబాద్ నుంచి పరిశోధన చేసేవాళ్లు వచ్చారు. జబ్బున్నవాళ్లు మందులు ఎందుకు మానేస్తున్నారు, ఊళ్లోనే గుట్టుగా అందిస్తే మానకుండా ఉంటారా అని తెలుసుకోవడం వాళ్ల పని. ఎవరూ నోరు విప్పలేదు. మందిరంలో దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా కొడుకు సంగతి ఎత్తని అత్తమ్మ, వాళ్లను లోపలికి పిలిచి చాప వేసింది.

"నా కొడుకు ఎందుకు బంద్ చేసిండో చెప్త, రాసుకోండ్రి. ఇంకో తల్లికి గిట్ల కావద్దు."

ఆమె మాట మీదే సిర్గాపూర్, మనూర్ వైపు నుంచి కొందరు ఆ పరిశోధనలో చేరారు. మందులు మా ఇంట్లోనే ఇచ్చేవారు. పక్కింటివాళ్లు అడిగితే, "మా కోడలు తాన బట్టలు కుట్టిచ్చుకోనీకి వచ్చిన్రు," అనేది.

అంతా కుదురుకుంటుండగా బయటి దేశం నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. పరిశోధన ఆపేస్తున్నామని చెప్పడానికి వచ్చిన అమ్మాయి తల ఎత్తలేకపోయింది.

"మరి మేం చెప్పిందంత ఏం జేస్తరు బిడ్డా?" అని అడిగింది అత్తమ్మ.

"తెలియదమ్మా. సగంలో ఆగింది కదా. ఏమీ తేలలేదనే రాస్తారు."

"నా కొడుకు సచ్చింది గూడ తేలలేదా?"

ఆ అమ్మాయి ఏడ్చింది. అత్తమ్మే చాయ్ పెట్టి ఇచ్చింది.

పెద్ద దవాఖానలో మందులు ఇస్తూనే ఉన్నారు. కానీ ఆ రోజు కూలి పోగొట్టుకుని, ఎవరైనా చూస్తారేమోనని దడుచుకుంటూ అక్కడిదాకా వెళ్లాలి. మనూర్ వైపు ఒకామె వెళ్లలేదు. అత్తమ్మ షేర్ ఆటోలో పోయి బతిమాలింది, తోడు వస్తానంది. "మల్ల వారం పోదాం పెద్దమ్మా," అంటూ ఆమె దాటేసింది. మందుల్లేక క్షయ పట్టుకుంది, వానలు పడేసరికి అది ముదిరి చనిపోయింది.

అత్తమ్మ కొన్నాళ్లు అన్నం సరిగా తినలేదు. "నన్ను నమ్మి వచ్చింది. నడిమిట్ల ఇడిసిపెట్టినం," అని గోడకేసి తిరిగి పడుకునేది. ఆ దిగులు చివరిదాకా పోలేదు.

సమాధి చేసిన రోజు, మా ఇంట్లో మందులు తీసుకున్నవాళ్లు వచ్చారు. ఒకరినొకరు ఎరగనట్టే దూరదూరంగా నిలబడ్డారు. "ఈమె నీకేమైతది?" అని ఎవరో వాళ్లలో ఒకతన్ని అడిగితే, "ఏం గాదు, తెల్సినామె," అన్నాడు. పాస్టర్ ప్రార్థన ముగించాక ఒక్కొక్కరే వచ్చి గుప్పెడు మట్టి వేసి, చేతులైనా దులుపుకోకుండా, వేరువేరు ఆటోలెక్కి వెళ్లిపోయారు.