కొబ్బరిచెట్లతో కొలిచిన మంట

ముందుగా నాకు తెలిసినదాన్నీ, విన్నదాన్నీ వేరు చేస్తాను. ముమ్మిడివరం అవతల కొబ్బరితోటల మధ్య మేము పరీక్షించిన బావిలోంచి గ్యాస్ వచ్చిన మాట నిజం. ఆ మంట ఊళ్లోకి కనిపించిన మాట నిజం. నాలుగో రోజు దాన్ని ఆర్పించింది నేనేనన్నదీ నిజం. ఈ మూడింటికీ నా సంతకంతో రికార్డు ఉంది. మంట సరిగ్గా రెండు కొబ్బరిచెట్ల ఎత్తు లేచిందన్నది, చుట్టుపక్కల మండలాలన్నిటికీ వంటగ్యాస్ ఉచితంగా వస్తుందన్నది, నేను అద్దెకున్న ఇంటివారికి షేర్ల గురించి రహస్యంగా ఓ మాట చెప్పానన్నది వినికిడి. మొదటి రెండింటినీ ఇప్పుడెవరూ పట్టించుకోరు. మూడోది మాత్రం ఇప్పటికీ ఎక్కడో ఒకచోట వినిపిస్తూనే ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మాఘమాసంలో, రెండో పంట దాళ్వా నాట్లు ముగుస్తున్న రోజుల్లో నన్ను ఆ బావి పరీక్షకు బాధ్యురాలిగా వేశారు. అప్పటికి నేను మా చమురు, గ్యాస్ సంస్థలో భూగర్భ నిల్వలు లెక్కకట్టే రిజర్వాయర్ విభాగంలో చీఫ్ ఇంజినీరును. మా వృత్తిలో తవ్వేవారు వేరు, పరీక్షించేవారు వేరు. డ్రిల్లింగ్ విభాగం రాతిదాకా దారి వేస్తుంది. ఆ రాతిలో ఏముంది, ఎంత ఉంది, ఎన్నాళ్లు వస్తుంది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పవలసింది మేము. మొదటి ప్రశ్నకు జవాబు కంటికి కనిపిస్తుంది. మిగతా రెండింటికీ కనిపించదు. ఈ భేదం మీదే ఈ కథంతా నడిచింది.

నేను అద్దెకు దిగింది ముమ్మిడివరంలో రత్నం మాస్టారి మేడ మీద వాటాలో. ఆయన హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్య కరుణమ్మగారు ప్రభుత్వ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి, ఆయనకంటే ఏడాది ముందే రిటైరయ్యారు. వారి అమ్మాయి ల్యాబ్ టెక్నీషియన్. కింది వాటాలో వీధివైపు గదికి అప్పటికే తెల్ల టైల్స్ వేయించి, రక్తపరీక్షల కేంద్రం తెరవడానికి సిద్ధంగా ఉంచారు. రావలసింది పరీక్షలు చేసే యంత్రం. దానికోసం మాస్టారి రిటైర్మెంటు డబ్బు బ్యాంకులో కదలకుండా ఉంది.

పరీక్ష గురించి రెండు మాటలు చెప్పాలి. బావిని ముందు కొద్దిసేపు పారించి, వెంటనే మూసి, రాతిలోని అసలు ఒత్తిడి ఎంతో నమోదు చేస్తాం. అది మొదటి రీడింగు. తరువాత అసలు ప్రవాహం. గొట్టం నోటి దగ్గర చోక్ అనే ఉక్కు బిళ్ల ఉంటుంది. దాని మధ్య రంధ్రం ఎంత పెద్దదైతే అంత గ్యాస్ బయటికి వస్తుంది. వచ్చినదాన్ని కొలిచి, దూరంగా కాల్చేస్తాం. అదే ఊరివారు చూసే మంట. చివరికి బావిని మళ్లీ మూసి, రాతి ఒత్తిడి తిరిగి ఎంతదాకా లేస్తుందో చూస్తాం. అది రెండో రీడింగు. ఈ ఒత్తిళ్లను నమోదు చేసే గేజి బావి అడుగున ఉంటుంది. దాన్ని పైకి తీసేదాకా అందులో ఏముందో ఛైర్మనుకైనా తెలియదు.

ప్రవాహం మొదలైన సాయంత్రం నేను మరిచిపోలేను. ముందు బురద నీళ్లు చిమ్మాయి. తరువాత గొట్టం వణికింది. ఆ వణుకు నా బూట్లలోంచి మోకాళ్లదాకా ఎక్కింది. గ్యాస్ అంటుకున్నప్పుడు తోటలోని కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. ముప్ఫై ఏళ్లు ఈ పని చేసినదాన్ని, మనసులో లెక్కలు వేసుకోకూడదని నాకు తెలుసు. అయినా వేసుకున్నాను. నా పక్కన నిలబడ్డ కెమిస్టు శాంపిల్ సీసా మూత పెట్టడం మరిచిపోయి మంటనే చూస్తున్నాడు. నేనూ మందలించలేదు.

మర్నాటికి ఊరంతా ఒకటే మాట. ఆ బావిలో మా సంస్థకు ఒక చిన్న భాగస్వామి ఉంది. స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీ. దాని షేరు ధర పొద్దున్నే ఎగిరింది. పేరు పలకడం చేతకానివారు కూడా దాన్ని ఫోనులో వెతుకుతున్నారు. కొబ్బరి దింపు తీసే సత్తిబాబు చెట్టెక్కి మరీ మంటను చూసి, దిగివచ్చి ఎత్తు ప్రకటించాడు.

“రెండు చెట్లండీ, ఆయ్. చెట్టు మీద చెట్టు నిలబెడితే ఎంతో అంత. నేను రోజూ ఎక్కేవోణ్ణి, నాకు తెలీదా?”

మాస్టారు సత్తిబాబు మాటను నమ్మలేదు. అందుకు ఆయన్ని గౌరవిస్తాను. మేడమీదికి వెళ్లి, చెయ్యి చాచి స్కేలు పట్టుకుని, సరూప త్రిభుజాలతో మంట ఎత్తు లెక్కకట్టారు. సత్తిబాబు చెప్పినదానికి దగ్గరగానే వచ్చింది. లెక్కలో తప్పు లేదు. కాగితం నాకూ చూపించారు, నేనూ సరిచూశాను. కొలత చక్కగా కుదిరినందువల్ల, కొలిచినది పనికొచ్చేదే అని ఆయన నిశ్చయించుకున్నారు. చదువుకున్నవారు చేసే తప్పు ఇది. సత్తిబాబు లాంటివారు చేయరు. అతను ఎత్తు చెప్పి, దింపుకి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం స్నానానికి ఇంటికి వచ్చినప్పుడు మాస్టారు మెట్ల దగ్గరే ఆపారు. డబ్బంతా ఆ కంపెనీలో పెట్టదలిచానన్నారు. “మన కాళ్ల కింది గ్యాసండీ ఇంజినీరమ్మగారూ. లాభం మాత్రం ఎక్కడో ఉన్నోళ్లు తినాలా?” అన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ నేను జవాబు చెప్పగల స్థితిలో లేను. ప్రకటించని ఫలితాన్ని ఆధారం చేసుకుని షేర్లు కొనడమే కాదు, ఇంకొకరికి ఆ ఫలితాన్ని చేరవేయడమూ నేరమే. ఏటేటా ఆ మేరకు పత్రం మీద సంతకం పెట్టేదాన్ని. ఆయన కొనకుండా ఆపడానికి ఒక్క మాట చెప్పినా చెప్పినట్టే. ఎవరి షేరు గురించీ మాట్లాడనని చెప్పి, ఒక్క ప్రశ్న మాత్రం అడిగాను. ప్రయోగాల తరగతిలో ఒకే రీడింగు తెచ్చిన పిల్లవాడికి మార్కులు వేసేవారా?

“వేసేవోళ్లు కాదులెండి,” అని లోపలినుంచి కరుణమ్మగారు అందుకున్నారు. “చెవి కూడా మెలేసేవోళ్లు.”

మాస్టారు నవ్వి, ఆ రోజుకు ఆగారు.

ఆ సాయంత్రమూ, మర్నాడూ పద్ధతి ప్రకారం చోక్ తగ్గించాం. రంధ్రం చిన్నదైతే మంట చిన్నదవుతుంది. ఊళ్లో ఒక చెట్టు అన్నారు, ఆపైన అరచెట్టు అన్నారు. నాలుగో రోజు ఉదయం బావిని మూయించాను. మంట ఆరిపోయింది. ఆదివారం కావడంతో చర్చి నుంచి వచ్చేవారంతా బావి చచ్చిపోయిందని చెప్పుకుంటూ ఇళ్లకు వెళ్లారట. సోమవారం మార్కెట్ తెరిచేసరికి షేరు ధర ఎగిరినదానికంటే ఎక్కువే పడింది.

ఇక్కడ నేను చేసిన తప్పు ఉంది. మూయించిన వెంటనే ఇంటికి వచ్చాను. మాస్టారు బావి చచ్చిపోయిందా అని అడిగారు. మూయడం పరీక్షలో భాగమేనని, అది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుందని చెప్పాను. ఆయనకు అర్థం కావాలని బొండాం ఉదాహరణ కూడా ఇచ్చాను. బొండాంలో గొట్టం పెట్టి పీల్చినా, కాలువలో పెట్టి పీల్చినా మొదటి గుక్క ఒకలాగే ఉంటుంది. పీల్చడం ఆపి, మట్టం తిరిగి ఎక్కడికి వచ్చిందో చూస్తేనే అది బొండామో కాలువో తెలుస్తుంది. ఇందులో రహస్యం ఏదీ లేదు. గేజి ఇంకా బావి అడుగునే ఉంది. నాకూ ఏమీ తెలియదు.

మాస్టారు విన్నది వేరు. మంట ఆరడం చావు కాదని ఇంజినీరమ్మ చెప్పింది. ఊరంతా భయపడి అమ్మేస్తుంది. అంటే ఇదే కొనవలసిన సమయం. ఆశ ఉన్న మనిషికి పాఠం చెబితే, అది సలహాగా మారుతుందని నేను ఊహించలేదు.

మంగళవారం ఉదయం గేజి పైకి వచ్చింది. క్యాంపు గదిలో రీడింగులన్నీ గీతగా వేశాను. మూసిన బావిలో ఒత్తిడి లేచే తీరును ఒక ప్రత్యేకమైన గ్రాఫు మీద వేస్తే, కొంతసేపటికి అది సరళరేఖ అవుతుంది. ఆ రేఖను పొడిగిస్తే అనంతకాలం మూసి ఉంచితే ఒత్తిడి ఎక్కడ ఆగేదో తెలుస్తుంది. బిందువులు రేఖ మీదికి ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటుంటే, ఫలితం ఏదైనా సరే, ఆ క్రమం చూడముచ్చటగా అనిపించింది. రేఖను పొడిగించాను. అది మొదటి రీడింగుకు చేరలేదు. స్పష్టంగా కిందే ఆగింది. మూడు రోజులైనా నిండని ప్రవాహానికే రాతి ఒత్తిడి తగ్గిందంటే నిల్వ చిన్నది. బొండామే.

లెక్క మళ్లీ చేశాను. మా డిప్యూటీ చేత విడిగా చేయించాను. తేడా రాలేదు. వెంటనే ప్రధాన కార్యాలయానికి నివేదిక పంపి, భాగస్వామి కంపెనీ ప్రకటన ఎప్పుడు చేస్తుందని అడిగాను. గురువారం అన్నారు. అప్పటిదాకా ఎవరినీ కలవకపోవడమే మేలని క్యాంపులోనే ఉండిపోదలచుకున్నాను. పన్నెండు గంటలకు మాస్టారి ఫోను వచ్చింది. బ్యాంకుకి బయల్దేరుతున్నానని, నేను చెప్పిన మాట మరువనని అన్నారు.

ఆ క్షణంలో నాకు తెలుసు. తెలిసినది చెప్పకూడదనీ తెలుసు. ఆదివారం నేను చెప్పినదాంట్లో కొనమన్న అర్థం లేదని, వద్దన్న అర్థమూ లేదని, అది పాఠం మాత్రమేనని చెప్పాను. నా గొంతు ఎలా పలికిందో నాకు తెలియదు. తరువాత ఫోను కరుణమ్మగారి చేతిలోకి వెళ్లింది.

“మీకు తెలిసింది మాకు చెప్పకండమ్మా,” అన్నారావిడ. “నేను అడిగేది మిమ్మల్ని కాదు, ఈయన్ని. ఏవండీ, మంట లేచినపుడు సత్తిబాబు కొలిచేడు, మీరు కొలిచేరు. ఆరిపోయేక ఎవరు కొలిచేరు? ఏం కొలిచేరు?”

మాస్టారు ఏదో అన్నారు. నాకు వినపడలేదు.

“మరి కొలత లేకుండా డోసెలా వేస్తారండీ? ముప్ఫై ఆరేళ్లు వార్డులో చేసేను. చార్టు చూడకుండా నేనెవరికీ సూది పొడవలేదు. ఆ పాసుబుక్కు ఇలా ఇవ్వండి.”

ఆ వారంలో నేను విన్న అతి శాస్త్రీయమైన వాక్యం అదే. ఆవిడ దగ్గర మా గేజి లేదు, గ్రాఫు లేదు. బయట నిలబడినవారి దగ్గర ఏ కొలతా లేదన్న సంగతిని మాత్రం ఆవిడ సరిగ్గా పట్టుకున్నారు. ఫలితం మంచిదై ఉన్నా ఆ వాదన అంతే నిలిచేది. అందుకే దాన్ని అంత ఎత్తున ఉంచుతాను.

గురువారం ప్రకటన వచ్చింది. షేరు ఇంకా పడింది. రక్తపరీక్షల యంత్రం ఆ నెలాఖరుకి తెల్ల టైల్స్ గదిలోకి వచ్చింది. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ నా షుగరు అక్కడే చూపించుకున్నాను. ఒకసారి ఎక్కువ వస్తే, అమ్మాయి రెండో శాంపిల్ తీసింది.

నా సంభాషణలన్నిటినీ తేదీలతో రాసి సంస్థకు సమర్పించాను. విచారణ జరిపి, తప్పు లేదని తేల్చారు. ఆ ఉదంతం నేర్పినది ఇంతే. కంటికి కనిపించే అంకె, అడిగిన ప్రశ్నకు సంబంధించినదో కాదో ముందు చూడాలి. కొలత ఎంత కచ్చితమైనదన్నది ఆ తరువాతి మాట. రెండోది, తన డబ్బు పెట్టబోయే మనిషికి నిపుణులు చెప్పే వివరణ తటస్థంగా ఉండదు. చెప్పేవారు ఉంచినా, వినేవారు ఉంచరు.

ఒక ప్రశ్న మాత్రం తేలలేదు. ఆ గ్రాఫులో చివరి మూడు బిందువులు సరళరేఖకు కొద్దిగా పైన పడ్డాయి. అది గేజి పొరపాటు హద్దులోనే ఉంది కనుక నివేదికలో అలాగే రాశాను. కానీ రాతిలో ఒక పగులు అవతల ఇంకో నిల్వ ఉండి, అక్కడినుంచి గ్యాస్ మెల్లగా ఇటు చేరుతుంటే గ్రాఫు సరిగ్గా అలాగే వంగుతుంది. మరికొన్ని రోజులు బావిని మూసి ఉంచితే రెండింటిలో ఏదో తెలిసేది. బావి తవ్వే రిగ్గుకు అద్దె రోజుకు ఇంతని ఉంటుంది, ఇంకోచోట దానికోసం ఎదురుచూస్తున్నారు. బావిని సిమెంటుతో పూడ్చి, మేము కదిలిపోయాం. కాబట్టి అది బొండామేనని నేను నమ్ముతాను, తెలుసునని మాత్రం అనను. ఆ మూడు బిందువుల నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది.