నేల లేని వంటగది

షోరూములో అందరూ ఆయన్ని మిల్లీమీటర్ మాస్టారు అంటారు. వంటగదుల్లో అలమరలు, సొరుగులు, అరలు అమర్చడం ఆయన పని. గోడకీ అలమరకీ మధ్య గోరు దూరేంత సందు కనిపించినా ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. టేపు బయటికి తీశాడంటే ఎదుటివాళ్ళ గోడలు కూడా ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడాల్సిందే. ఈ బిరుదు పొగడ్త అని ఆయన చాలాకాలం మురిసిపోయాడు. కాదని తెలిసేసరికి అలవాటైపోయింది.

ఒకరోజు ఎవరింట్లోనో అలమర పైభాగంలో దుమ్ము పట్టే సందు ఉందేమో చూద్దామని స్టూలెక్కి, మోకాలు విరగ్గొట్టుకున్నాడు. సందు లేదు. కాలికి కట్టుతో ఇంట్లో కూర్చోక తప్పలేదు. కూర్చున్న మనిషి ఊరికే ఉండలేక కూర్చున్నచోటినుంచే ఇంటిని కొలవడం మొదలుపెట్టాడు. భార్య కూరలు తరిగే బల్ల వంకరగా ఉందన్న రోజున, ఆమె తన తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావని ఎక్కడికైనా తీసుకుపో."

"కాలు కదపలేడు కదక్కా?"

"కదపకుండా పోయే చోటు ఏదైనా ఉంటే చూడు."

తమ్ముడు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. అలాంటి చోటు అతనికి తెలుసు. సాయంత్రం ఒక లాప్‌టాప్ తెచ్చి బావ ఒళ్ళో పెట్టాడు. తెరమీద చెట్లు, సరస్సు, దాని ఒడ్డున సగం నేలా సగం నీళ్ళూ ఉన్న ఒక స్థలం.

"ఇది ఆట కాదు బావా, ఒక లోకం. ఈ స్థలం నీది, నా కానుక అనుకో. నీకు నచ్చింది కట్టుకో. మేకులు కొట్టక్కర్లేదు, స్టూలెక్కక్కర్లేదు."

"ఇప్పుడు స్టూలు మాట ఎందుకు?"

"ఊరికే అన్నాలే. ఇదిగో, దీన్ని దిమ్మ అంటారు. ఇక్కడ ఏం చేసినా దీనితోనే. సాగదీస్తే పలక, గుండ్రంగా తిప్పితే స్తంభం, లోపల తొలిచేస్తే గది. ఇంకొక్క మాట, ఈ స్థలానికి దిమ్మలు..."

"స్థలం సంగతి నాకు చెప్తావా? ఇరుకు చోట్లో లోకంలోని సామానంతా పట్టించడమేగా నా ఉద్యోగం!" అన్నాడు మాస్టారు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆయన ఇప్పటికీ చెవులు పట్టుకుని లాక్కుంటాడు.

ఆ వారమంతా ఆయనకు తిండీ నిద్రా గుర్తులేవు. కలల వంటగది కట్టసాగాడు. బయట ఎవరికో కట్టేటప్పటిలా బడ్జెట్టు గొడవ లేదు, తొందరపెట్టే ఇంటివాళ్ళు లేరు. ఒక్కో సొరుగుకీ అడుగు, పక్కలు, వెనక, ముందు అన్నీ విడివిడిగా చేశాడు. పిడి చేసి, పిడికి మరలు చేశాడు. సొరుగులో చెంచాలు పేర్చి, సొరుగు మూసేశాడు. మూసిన సొరుగులో చెంచాలెవరికి కనిపిస్తాయని ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాడు: "నాకు తెలుసుగా!"

కుళాయి పెట్టబోతుంటే తెరమీద ఒక ముక్క వచ్చింది: స్థలం నిండిపోయింది.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. తన వంటగది నీళ్ళవైపు ఒక మూల ఉంది. మిగతా చోట ఆవుల మందను మేపుకోవచ్చు. బావమరిదికి ఫోన్ చేసి విరుచుకుపడ్డాడు.

"మీ లోకంలో లెక్కలు తప్పురా. ఇక్కడ మూడొంతులు ఖాళీగా ఉంది!"

"ఖాళీకీ దీనికీ సంబంధం లేదు బావా. ఈ స్థలం నూటయాభై దిమ్మలే మోస్తుంది. ఒక్కో దిమ్మనీ వచ్చినవాళ్ళందరికీ ఈ లోకాన్ని నడిపే యంత్రం గీసి చూపించాలి, దానికీ ఓపిక ఉండాలిగా. చెంచా పెట్టినా ఒక దిమ్మే, గోడంత పలక పెట్టినా ఒక దిమ్మే."

"చెంచా, గోడా ఒకటేనా?"

"ఒకటే."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

అవతలినుంచి ఒక దగ్గు వినిపించింది. బావమరిది బావకు ఇవ్వగలిగిన మర్యాదంతా ఆ దగ్గులో ఉంది.

"సొరుగులు విడిగా చేయకు బావా," అన్నాడు చివరికి. "ఒకే దిమ్మమీద సొరుగుల బొమ్మ అంటించు. చూసేవాళ్ళకి తేడా తెలియదు."

మాస్టారికి ఒళ్ళు మండింది. "బొమ్మా? తెరుచుకోని సొరుగు సొరుగెలా అవుతుంది?"

"మూతపడని సొరుగు సొరుగైనప్పుడు అదీ అవుతుంది," అంది భార్య వంటింట్లోంచి. పొయ్యి కింది సొరుగును ఆమె మోకాలితో ఒక్కటిచ్చిన చప్పుడు వినిపించింది. ఊరందరికీ అలమరలు బిగించిన ఆయన "రేపు చూస్తాలే" అన్న సొరుగు అది. ఆ రేపటికి ఏళ్ళొచ్చాయి.

బొమ్మ అంటించడానికి మాస్టారి మనసొప్పలేదు. దొడ్డిదారి వెతికాడు. దిమ్మ నడుము ఎవరి స్థలంలో ఉంటే వాళ్ళ లెక్కలో పడుతుందని తెలిసింది. ఎవరూ చూడటంలేదు కదా అని పొడుగు అలమరను మెల్లగా సరిహద్దు మీదికి జరిపాడు. మర్నాడు వెళ్ళేసరికి అలమర పక్కన కళ్ళజోడు పెట్టుకున్న ఒక కొంగ నిలబడి ఉంది. ఆ లోకంలో ఎవరికి నచ్చిన రూపం వాళ్ళది. ఈవిడ పక్కస్థలం ఆవిడ.

"మీ అలమర నడుము నావైపుంది," అంది కొంగ. "నా తీగకి ఇంకో పువ్వు పెట్టబోతే చోటు లేదంటోంది."

"అయ్యో, పొరపాటున జరిగిందండీ."

మిల్లీమీటర్ మాస్టారికి పొరపాటున బారెడు జరిగింది! ఆయన తలొంచుకుని అలమరను వెనక్కి లాక్కున్నాడు.

ఇంతలో కట్టు విప్పారు. కర్ర పట్టుకుని షోరూముకు వెళ్ళిన మొదటిరోజే, ఎవరూ అడక్కుండానే, తన వంటగది గురించి గొప్పలు చెప్పేశాడు. యజమాని ముచ్చటపడి, "సోమవారం పెద్ద తెరమీద చూపించండి మాస్టారూ, కొనేవాళ్ళు కూడా ఉంటారు," అన్నాడు.

ఆదివారం అంతా మెరుగులు దిద్దాడు. కుళాయి ఇంకా మిగిలిపోయింది. ఒక్క దిమ్మ కావాలి. చెంచాల్లో ఒకటి తీసేద్దామనుకుంటే ప్రాణం ఒప్పలేదు. పిడి తీద్దామంటే చెయ్యి రాలేదు. పనికిరానిదేదో ఒకటి ఉండకపోతుందా అని వెతికితే, అన్నిటికీ అడుగున, ఎవరూ కన్నెత్తి చూడని ఒక వెడల్పాటి పలక దొరికింది. తీసేశాడు. కుళాయి పెట్టాడు. అద్భుతంగా ఉంది. ఆ లోకంలో వస్తువులు పెట్టినచోటే నిలుస్తాయి కాబట్టి ఏదీ కదల్లేదు, ఆయనకూ ఏ అనుమానమూ రాలేదు.

సోమవారం పెద్ద తెర వెలిగింది. కొనేవాళ్ళు కుర్చీలు జరుపుకున్నారు. యజమాని ఆ లోకంలో తన తరఫున తిరిగే బొమ్మకు కోటూ టైయూ తొడిగి, అందరూ చూస్తుండగా హుందాగా వంటగదిలో అడుగుపెట్టాడు. పెట్టిన అడుగు పెట్టినట్టే కిందికి పోయింది. కోటూ టైయూ బుడుంగున సరస్సులో మునిగాయి. పైన వంటగట్టు, అలమరలు, కుళాయి గాల్లో వేలాడుతూ తళతళ మెరుస్తున్నాయి.

"మాస్టారూ," అన్నాడు యజమాని నీళ్ళ అడుగునుంచి, "నేల ఎక్కడండీ?"

షోరూము షోరూమంతా గొల్లుమంది. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు నవ్వింది మాత్రం మాస్టారే. నవ్వకపోతే ఏడవాల్సి వచ్చేది.

ఇంటికొచ్చి భార్యకు చెబితే ఆమె పొయ్యి కట్టేసి మరీ కూర్చుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "ఏదీ, ఇలా ఇవ్వండి," అని లాప్‌టాప్ లాక్కుంది. కాసేపు అటూ ఇటూ నొక్కి చూసింది.

"ఇందులో ఇల్లేదండీ?"

"ఇల్లంటే... అది వంటగది."

"నేను ఎక్కడ నిలబడాలి?"

ఆయన దగ్గర ఆ కొలత లేదు. ఇన్నేళ్ళూ గోడకీ గట్టుకీ మధ్య ఎంత ఉండాలో చెప్పాడు గాని, అక్కడ నిలబడే మనిషి ఇంకేం చూడాలనుకుంటుందో ఎవర్నీ అడగలేదు.

ఆమె ఆయన్ని అడక్కుండానే ఒక్కొక్కటీ తీసి తెరమీది సంచిలో వేసింది. తర్వాత ఒకే ఒక దిమ్మను సాగదీసి, లోపల తొలిచింది. నాలుగు గోడలూ పైకప్పూ నేలా ఒక్కసారిగా వచ్చేశాయి. సరస్సు వైపు గోడలో కిటికీ కోసింది. గదినిండా నీళ్ళ వెలుతురు పడింది. మాస్టారు నోరు తెరిచి చూస్తుండిపోయాడు.

"ఎవరు నేర్పారు?"

"తమ్ముడు మీకు చెబుతున్నప్పుడు విన్నాను. మీరే వినలేదు."

అప్పటినుంచి ఆ స్థలం ఆమెది. సాయంత్రాలు కొంగావిడ వచ్చి కిటికీలో కూర్చుని ఆమెతో కబుర్లు చెబుతుంది. మాస్టారు బతిమాలుకుంటే ఆయన వాటాకు ఐదు దిమ్మలు దక్కాయి. వాటితో ఒక స్టూలు చేశాడు: నాలుగు కాళ్ళూ ఒక పలకా. నునుపు చూసుకుని, వెడల్పు చూసుకుని, ఒక సెలవురోజంతా దానికే పెట్టాడు.

"బాగుంది," అంది ఆమె. "మూడు కాళ్ళు చాలవూ?"

"ఊగుతుంది."

"ఇక్కడ ఊగదుగా."

నిజమే. ఇక్కడ ఊగదు. ఆయన ఒక కాలు తీసేశాడు. చాలాసేపు చూసి ఇంకొకటి కూడా తీసేశాడు. రెండు కాళ్ళమీద స్టూలు సిగ్గులేకుండా నిలబడింది. మిగిలిన రెండు దిమ్మలూ ఆమెకు అప్పగించాడు. ఆమె వాటితో గడప ముందు నీళ్ళలోకి రెండు మెట్లు పెట్టింది.

మాస్టారు తన బొమ్మను తీసుకెళ్ళి కింది మెట్టుమీద కూర్చోబెట్టి, ప్యాంటు తడిసిపోతుందేమోనని ఒక్క క్షణం నిజంగానే కంగారుపడ్డాడు.