పోచయ్య చేరిండా?

పిడుగంటే, పోలీసంటే భయపడేటోళ్లు మస్తుమంది ఉంటరు. మా సరోజనక్కకు మాత్రం మనిషి గడప దాటితే చాలు, భయం. కోరుట్ల ఇంటర్నెట్ ఆఫీసుల మేం పక్కపక్క కుర్చీలల్ల కూసునేటోళ్లం. నేను ఎదురుంగున్న హోటల్‌కు చాయ్ తాగ పోయినా ఫోన్ చేసేది.

"కుమారూ, చేరినవా?"

"కిటికీలకెళ్లి చూడక్కా. కనవడుతున్న."

"చూస్తనే ఉన్న. రోడ్డు దాటేటప్పుడు అటుఇటు చూడలేదు నువ్వు."

లైన్‌మన్ పోచయ్య స్తంభం మీదున్నప్పుడు గూడ ఫోన్ చేస్తే, మా ఓనర్ రాములు సార్‌కు కోపమొచ్చింది. "ఇగ ఎవ్వరికీ చెయ్యకు" అన్నడు. అక్క మానేసింది. మాకు నమ్మబుద్ధి కాలె.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్నది. ఒకనాడు పొద్దుగాల, లైన్లు ఎట్లున్నయో చూపెట్టే స్క్రీన్ మొత్తం ఎర్రగయ్యింది. జగిత్యాల ఎరుపు, మెట్‌పల్లి ఎరుపు, సిరిసిల్ల ఎరుపు. గా ప్రోగ్రాం అక్క రాసిందే. కేబుళ్లు కోసిన్రేమోనని సార్ పోచయ్యను బండి మీద సిరిసిల్లకు తోలిండు.

మధ్యాహ్నం దాటింది. పోచయ్య ఫోన్ ఎత్తుతలేడు. తోవల లాఠీచార్జి అయిందని ఎవరో అన్నరు. ఏం తోచక సిరిసిల్ల కస్టమర్‌కు ఫోన్ చేసిన. "నెట్ మంచిగనే ఉన్నది గదా" అన్నడాయన.

"లైన్లు తెగలేదక్కా. నీ ప్రోగ్రామే చెడింది."

"అంటే పోచయ్యన్నను ఉత్తగనే పంపినమా?" అన్నది అక్క.

కండ్లు తుడుచుకొని, ప్రోగ్రాం ఏమేం తెరిచి పెట్టుకున్నదో చూపే కమాండ్ కొట్టింది. స్క్రీన్ నిండ వరదలెక్క పారింది. ఏ లైన్ చూడాలన్నా ప్రోగ్రాం ఒక కనెక్షన్ తెరుస్తది, కంప్యూటర్ దానికో టోకెన్ ఇస్తది. పనయినంక మూసి, టోకెన్ వాపస్ ఇయ్యాలె. మా ప్రోగ్రాం ఇయ్యలె. కంప్యూటర్ కాడున్న టోకెన్లన్నీ అయిపోయినయ్. కొత్తగ ఏదీ తెరువరాక, అన్ని లైన్లూ చచ్చినయని చూపెట్టింది.

"గిన్ని ఎందుకు తెరిచిందక్కా?"

నేనే వంగి చూసిన. అన్నీ ఒక్క పనికే: లైన్‌మన్ల ల్యాప్‌టాప్‌లు ఏ ఊళ్లె మన లైన్‌కు తగిలినయో క్షణక్షణం వెతుకుడు.

"ఫోన్ చెయ్యద్దన్నరు గదా," అన్నది మెల్లగ. "చేరిన్రో లేదో ఎట్ల తెల్వాలె మరి?"

పనయినంక మూసెయ్యమని రాసి, మళ్ల నడిపింది. ఊర్లన్నీ పచ్చగయినయ్. పోచయ్య ఒక్కడే దొరకలె. అక్క స్క్రీన్ మీదికెళ్లి కన్ను తియ్యలె.

సాయంత్రం పోచయ్యే తలుపు తీసుకొని లోపలికొచ్చిండు. రోడ్డు మీద వంటావార్పు కాడ సమ్మె చేసేటోళ్లు ఆపిన్రట. ఉల్లిగడ్డలు కోయించి, కడుపునిండ పెట్టి గాని తోలలేదట. ఫోన్ బండి పెట్టెల ఉన్నదట. అక్క తిట్టబోయి, ఏడ్వబోయి, ఆఖరికి మంచినీళ్లిచ్చింది.

సంగతి తెలిసి రాములు సార్, "గా వెతుకుడు ముక్క తీసెయ్" అన్నడు.

పోచయ్య గ్లాసు దించిండు. "ఉండనియ్యుండ్రి సార్. మా ఇంట్ల గూడ నన్ను గింత అడుగుతలేరు."