లీమాలో మా అవ్వకు పెట్టిన ముద్ద

మా అవ్వ పేరు వెంకటవ్వ. కన్నతల్లిని మా దిక్కు అవ్వ అనే పిలుస్తాం. కోరుట్లలో బీడీలు చుట్టి అన్ననూ నన్నూ పెంచింది. నాన్న ముఖం నాకు గుర్తు లేదు. వాకిట్లో గోడకు ఆనుకొని, ఒళ్లో చేట పెట్టుకొని కూర్చునేది. పొద్దున చాయలో బన్ను ముంచుకుంటుంటే ఒక కాకి వచ్చి గోడ మీద వాలేది.

"నీ అత్తగారిల్లానే ఇది, దినాం వస్తవ్? సిగ్గు లేదా?" అని తిడుతూనే ఒక ముక్క విసిరేది.

ఆ బన్ను కూడా మేమిద్దరం తిని చేతులు కడుక్కున్నాకనే. పిల్లలు తినకముందు ఆమె నోట్లో ముద్ద పెట్టుకోవడం నేను ఒక్కనాడూ చూడలేదు.

నన్ను సిరిసిల్లలో ఇచ్చింది. మా ఆయన సాంచాలు బిగిస్తాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. కొత్త సాంచాలు పెట్టిన ఒక మిల్లు వాళ్లు ఆయనను పెరూ దేశానికి తీసుకుపోయారు. లీమా అని పెద్ద పట్నం. కొన్నాళ్లకు పిల్లలిద్దరినీ తీసుకొని నేనూ పోయాను. శ్రవణ్‌కు అప్పుడు ఆరేళ్లు, గంగుకు నాలుగు. బయలుదేరే ముందు అవ్వ ఒక్కటే అడిగింది.

"గాడ నీకు ఎవలుంటరే?"

"ఆయన ఉంటడు గదనే" అన్నాను.

ఆయన తెల్లారకముందే మిల్లుకు పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. నేను కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. అక్కడి ఆకాశం రోజూ మబ్బుగా ఉంటుంది, వాన మాత్రం పడదు. ఒక్కోరోజు పిల్లలతో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండానే పొద్దుగడిచేది.

సకల జనుల సమ్మె మొదలైనప్పుడు అవ్వ ఫోన్లో గట్టిగా మాట్లాడింది. దీక్షా శిబిరంలో కూర్చుంటున్నదట. చేట కూడా అక్కడికే తీసుకుపోయిందట.

"తెలంగాణ వచ్చేదాక లేవనే బిడ్డా. నా ఆకు ఆడనే, నా కత్తెర ఆడనే. నువ్వు వచ్చేటాల్లకు మన రాష్ట్రం మనకుంటది, సూడు."

అదే ఆఖరి మాట. ఒకనాడు శిబిరం నుంచి వచ్చి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

మా పాస్‌పోర్టులు అప్పుడు అక్కడి సర్కారు ఆఫీసులో ఉన్నాయి. ఉండడానికి గడువు పొడిగించాలని ఇచ్చాం. అవి చేతికి రాకుండా కదలలేం. వచ్చినా, హైదరాబాదులో దిగితే సమ్మె వల్ల కోరుట్లకు బస్సు లేదు. నేను చూడకుండానే అవ్వను సాగనంపారు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి బయట పెడతాం. కాకి వచ్చి ముట్టిందంటే వాళ్లు తిన్నట్టు. ముట్టలేదంటే మనసులో ఏదో కొరత ఉందని, అదేమిటో ఊహించి మాట ఇస్తారు. మూడో రోజు మా అన్న భూమన్న ఫోన్ చేశాడు.

"పొద్దటి సంది కూసున్నమే చెల్లె. కాకులు గోడ మీద వాలుతయి గని విస్తరి దిక్కు సూడయి. ఎన్ని చెప్పినా రాలే. ఆఖరికి రాజవ్వ పెద్దమ్మ 'నీ బిడ్డ తోటి సుత పెట్టిస్తం తియ్యి' అన్నది. గప్పుడు ముట్టింది. పదకొండో దినం నువ్వు గాడ పెట్టాలె. మాటిచ్చినం."

సరే అన్నాను. కాకి లేని ఊరు ఉంటుందని నాకేం తెలుసు?

మరునాడు కిటికీ తెరిచి చూస్తే పావురాలు కనిపించాయి, పిచ్చుకలు కనిపించాయి. ఇన్నాళ్లూ కాకి అరుపు వినలేదని అప్పుడు తెలిసింది. శ్రవణ్‌కు బడిలో వాళ్ల భాష వచ్చింది. కాకులు ఎక్కడుంటాయో అడగమని, మాకు ఇల్లు అద్దెకిచ్చిన రోసా దగ్గరికి వాడిని పంపాను. పోయి వచ్చాడు.

"కాకులు లేవంట అమ్మా. గామె సినిమాల సూసిందంట."

"ఒక్కటి సుత లేదా?"

"ఒక్కటి సుత లేదంట."

ఆమె ఊరంతా తిరిగి చూసిందా ఏమిటి అనుకొని పిల్లలను తీసుకొని బయలుదేరాను. అప్పటిదాకా సందు చివర కూరగాయల దుకాణం దాటి పోయినదాన్ని కాదు. అక్కడ చిన్న బస్సులుంటాయి. కండక్టర్ తలుపుకు వేలాడుతూ ఊర్ల పేర్లన్నీ ఒకే గుక్కలో అరుస్తాడు. కళ్లు మూసుకుంటే జగిత్యాల బస్టాండే. కళ్లు తెరిస్తే ఎవరూ మనవాళ్లు కాదు.

ఒక పెద్ద చర్చి ముందు లెక్కలేనన్ని పావురాలు. వాటికి వేయడానికి ముసలమ్మలు మక్కజొన్న గింజలు అమ్ముతున్నారు. గింజ ఒక్కోటి బొటనవేలి గోరంత ఉంది. గంగు వాటి వెంట పరుగెత్తి పరుగెత్తి నవ్వింది. నేను చూరులన్నీ వెతికాను. కాకి లేదు.

ఇంకో రోజు బజారులో చేతులు రెక్కల్లా ఊపి, నా నల్ల కొంగు చూపించి, "కావ్ కావ్" అన్నాను. జనం మూగి నవ్వారు. ఒకాయన మాత్రం నది వైపు చెయ్యి చూపించాడు. వంతెన మీదికి పోయేసరికి శ్రవణ్ ఎగిరి గంతేశాడు.

"అమ్మా, కాకులు! ఎంత పెద్దగున్నయో!"

ఒడ్డున చెత్త కుప్పల మీద నల్లగా వరుస కట్టి కూర్చున్నాయి. ఒకటి తల తిప్పింది. తల మీద ఈక లేదు. రాబందులు.

"గవి కాకులు కావు. నడువు."

"నల్లగున్నయ్ గదమ్మా!"

"అమ్మమ్మ గసొంటి దాంట్ల రాదు."

"మరి దేంట్ల వస్తది?" అని గంగు అడిగింది. ఇద్దరి చేతులూ పట్టుకొని వంతెన దిగాను.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను.

"పావురం ముడితే కాదా?"

"కాదు."

"మరేం జెయ్యాలె, సిరిసిల్ల కెల్లి కాకిని తెప్పియ్యాల్నా?" అన్నాడు. అని, నా ముఖం చూసి తల దించుకున్నాడు.

పదకొండో రోజు తెల్లవారకముందే లేచి అన్నం, కోడిగుడ్డు పులుసు వండాను. బన్ను కొన్నాను. ఫ్లాస్కులో చాయ పోశాను. పిట్టలు ఎక్కువ ఉండేది చేపల పడవలు ఆగే రేవు దగ్గరేనని రోసా చెప్పింది. చలిలో పిల్లలను చుట్టుకొని అక్కడికి పోయాను. గోడ మీద విస్తరాకు బదులు పళ్లెం పెట్టి అన్నీ వడ్డించాను. బన్ను చాయలో ముంచి పక్కన పెట్టాను.

గంపంత మూతి ఉన్న పక్షులు చేపల వెంట పోయాయి. మిగతావి వాటి వెంట పోయాయి. మా పళ్లెం మీద ఈగ కూడా వాలలేదు. మాకు పొద్దున్నే గాని, అప్పటికి కోరుట్లలో పొద్దుగూకుతున్నది. అన్న ఫోన్ చేశాడు.

"ముట్టిందా?"

"ఇంకా లేదన్నా."

"నీ దిక్కు ముట్టినంకనే తింటనని కూసున్న నేను. నాకు ఫికర్ లేదు, దీక్షల కూసుండి కూసుండి అలవాటైంది. గట్లని తెల్లారేదాక కూసుండవెట్టకు!"

నవ్వాడు. ఫోన్ పెట్టి పళ్లెం ముందు చేతులు జోడించాను.

"అవ్వా, మంచిగనే ఉన్న. ఈడ నాకు అందరున్నరు."

ఏదీ రాలేదు.

"మంచిగ లేనే అవ్వా. ఈడ నాకు ఎవ్వలు లేరు. నువ్వు అడిగిందే నిజమైంది."

అప్పుడూ రాలేదు. సముద్రం మీద మంచు తప్ప ఏమీ కనిపించలేదు. గంగు కొంగు పట్టి లాగింది.

"అమ్మా, ఆకలైతుంది."

పిట్ట ముట్టేదాకా ఆగమని పొద్దుటి నుంచి వాళ్లకు ఏమీ పెట్టలేదు. పిల్లలను పస్తుంచి అవ్వను తినమంటున్నాను! పిల్లలు తినకముందు ఆమె ఏనాడు తిన్నదని?

పళ్లెం వైపు వీపు పెట్టి గోడ కింద కూర్చున్నాను. గిన్నెలో మిగిలిన అన్నం కలిపి ఇద్దరికీ ముద్దలు పెట్టాను. గంగు బుగ్గ నిండా పెట్టుకుంది. ఇద్దరికీ మూతులు తుడిచి చేతులు కడిగాను.

"అమ్మా!" అని శ్రవణ్ నా భుజం మీదుగా చూశాడు.

తిరిగి చూస్తే పళ్లెం అంచున ఒక పిట్ట. బూడిద రంగు ఒళ్లు. అన్నం ముట్టలేదు, గుడ్డు ముట్టలేదు. చాయలో నానిన బన్ను ముక్క ముక్కున కరుచుకొని మా వైపు ఒకసారి చూసి ఎగిరిపోయింది.

అన్నకు ఫోన్ చేశాను. "ముట్టిందన్నా."

"కాకేనా?"

"కాదు. సముద్రం పిట్ట."

"నల్లగున్నదా?"

"బూడిద రంగున్నది."

అన్న మెల్లగా అన్నాడు. "మన కాకి మెడ సుత గదే రంగు గదనే."

"అవునన్నా."

"పెద్దమ్మా, విస్తర్లు ఎయ్యుండ్రి" అని వెనక్కి తిరిగి కేక వేశాడు. అటుపక్క అందరూ ఒక్కసారి కదిలిన చప్పుడు, గిన్నెల చప్పుడు వినిపించింది. ఫోన్ ఆగిపోయింది.

తిరుగు బస్సులో పిల్లలు నా మీదే నిద్రపోయారు. పక్కన కూర్చున్న ముసలమ్మ ఖాళీ గిన్నెను, నా ముఖాన్ని చూసి ఏదో అడిగింది. మా అవ్వ తిన్నదని చెప్పాలనిపించింది. ఏ భాషలో చెప్పను? తల ఊపాను. ఫ్లాస్కులో చాయ కొంచెం మిగిలింది. చల్లారిపోయింది. మూతలో పోసుకొని తాగాను.