నా జీతం మీద ఆయన చదువు

ఆ రోజుల్లో అశోక్‌నగర్ హాస్టల్లో గ్రూప్స్‌కు చదివేవాళ్లందరిలోకీ తెలివైనవాణ్ణి నేనేనని నాకు గట్టి నమ్మకం. (పరీక్ష పెట్టేవాళ్లకు ఆ సంగతి తెలియదు, అంతే.) చెప్పుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది కానీ, విసుగు పుట్టించే పనల్లా డబ్బిచ్చి చేయించుకోవాలి, మిగిలిన టైములో చదువుకోవాలి అన్నది నా సిద్ధాంతం. బట్టలు లాండ్రీకి, వంట మెస్సుకి అప్పగించాక ఇక మిగిలిన విసుగు ఒక్కటే. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే గేటు దగ్గర లైన్లో నిలబడాలి. ఆ పనికి ఒకాయన్ని నెలజీతానికి మాట్లాడుకున్నాను. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, మాలాగే పరీక్షలు రాస్తూ, మధ్యాహ్నం నుంచి హిమాయత్‌నగర్‌లో బట్టల కొట్టులో పనిచేసేవాడు. ఎండాకాలంలో కూడా మఫ్లర్ తీయడు కాబట్టి అందరికీ మఫ్లరన్న.

"లైన్ల నిలబడుడు, కుర్సీ ఆపుడు, నువ్వు రాంగనే లేసుడు. గంతేగదన్నా?" అన్నాడు. గంతే అన్నాను.

కుర్చీలో సంచి పెడితే ఎవరో ఒకరు తీసి పక్కన పడేస్తారు గనక ఆయనే కూర్చోవాల్సి వచ్చేది. కూర్చున్నవాడు ఊరుకుంటాడా, చదివేవాడు. నేనేమో కుర్చీ ఎలాగూ ఉంది కదా అని నిదానంగా లేచి, టిఫిను కానిచ్చి, నారాయణగూడ చౌరస్తాలో దేశ రాజకీయాలు చక్కబెట్టి వెళ్లేవాణ్ణి. (మిగిలిన టైము ఏమైందని అడక్కండి.) ఒకరోజు భుజం తడితే ఆయన తలైనా ఎత్తలేదు.

"జర ఆగన్నా, గీ చాప్టర్ అయిపోతది. బయట చాయ్ తాగి రా."

నా కుర్చీ! నా పైసలు! బయటికి పొమ్మనేది నన్ను! పైగా ఆ చాయ్ కూడా నా డబ్బులతోనే తాగాను.

ఫలితాలొచ్చాయి. ఆయన నంబరుంది, నాది లేదు. మిఠాయి డబ్బాతో మా గదికొచ్చి, "అంత నీ పుణ్యమే అన్నా" అంటూ చేతులు పట్టుకున్నాడు. పుణ్యమేమిటండీ, జీతమిచ్చి మరీ చదివిస్తే! మా నాన్న పంపిన డబ్బుతో నేను ఇంకొకాయన్ని ఆఫీసర్ని చేశాను. ఈ మాట మా నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు.

మొన్న ఏదో సర్టిఫికెట్ పనిమీద ఒక ఆఫీసుకెళితే గది తలుపు మీద ఆయన పేరు. లోపల ఎవరూ లేరు. కుర్చీకి తువ్వాలు ఉండాల్సిన చోట మఫ్లర్. వెళ్లి అందులో కూర్చుని, బల్లమీది పేపరు తీశాను. కాసేపటికి ఆయనొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏందన్నా గిది?"

నేను తలెత్తలేదు. "కుర్సీ ఆపుతున్నన్నా. జర ఆగు, గీ పేజీ అయిపోతది. బయట చాయ్ తాగి రా."

పగలబడి నవ్వి, నిజంగానే చాయ్ చెప్పడానికి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేదాకా పేపరు నా చేతిలోనే ఉంది గానీ ఒక్క ముక్క చదవలేదు. ఆపిన కుర్చీలో కూర్చుని చదివే అలవాటు నాకెప్పుడుంది గనక!